మొండి స్పీకర్లను చిన్న యాంప్లిఫయర్ మోయగలదా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నిరుడు కేఈఎఫ్ వారి ఎల్‌ఎస్50 మెటా స్పీకర్ల జతను కొనుక్కున్నాను. వాటికి అరచేతిలో పట్టేంత డిజిటల్ యాంప్లిఫయర్‌ను కలిపాను. పెట్టె మీద ఒక్కో వైపు 300 వాట్లని ఉంది. దానితో వచ్చిన అడాప్టర్ 32 వోల్టులు, 5 ఆంపియర్లది. రాత్రిపూట తగ్గించి వింటే ఎంతో హాయిగా ఉంటుంది. డప్పు పాటో, ఒగ్గు డోలు ఉన్న పాటో గట్టిగా పెడితే మాత్రం దెబ్బ పడిన చోట శబ్దం బిగుసుకుపోతుంది. ఒక్కోసారి సెకనుపాటు పూర్తిగా ఆగి మళ్లీ వస్తుంది. బాస్ చాలదనిపించి ఆ గుండీని ముప్పాతిక వంతు తిప్పి ఉంచుతాను. మా హాలు 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు. స్పీకర్లకు ఎనిమిదడుగుల దూరంలో కూర్చుంటాను. కనీసం 200 వాట్ల పెద్ద యాంప్లిఫయర్ తప్ప వేరే దారి లేదని దుకాణంవారు అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: పెద్ద యాంప్లిఫయర్ ఆలోచనను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు రాసిన లక్షణాలన్నిటిలో విలువైనది శబ్దం సెకనుపాటు ఆగి తనంతట తానే తిరిగి రావడం. వోల్టేజీ చాలని యాంప్లిఫయర్ ఇలా ఆగిపోదు. అప్పుడు తరంగాల తలలు తెగిపోయి శబ్దం పగిలినట్టు, కరకుగా వినిపిస్తుందే తప్ప పాట నడుస్తూనే ఉంటుంది. దీనినే క్లిప్పింగ్ అంటారు. పూర్తిగా ఆగి మళ్లీ మొదలైందంటే ఎక్కడో ఒక రక్షణ సర్క్యూట్ పనిచేసిందని అర్థం. మీ విషయంలో అది అడాప్టర్‌లోనిదే అయివుంటుందని నేను అనుకోవడానికి కారణాలున్నాయి.

32 వోల్టుల సరఫరాతో నడిచే ఈ తరహా యాంప్లిఫయర్, నష్టాలు పోను, సుమారు 20 వోల్టుల వరకు స్పీకర్‌కు అందించగలదు. స్పీకర్ విద్యుత్తుకు చూపే అడ్డును ఇంపెడెన్స్ అంటారు, దాన్ని ఓముల్లో కొలుస్తారు. 8 ఓముల మీద ఆ 20 వోల్టులు 50 వాట్లు. మీ స్పీకర్ల సెన్సిటివిటీ 85 డెసిబెల్స్. అంటే 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో అంత స్థాయి వినిపిస్తుంది. ఎనిమిదడుగుల దూరం వల్ల తగ్గేదాన్ని, రెండు స్పీకర్లు కలవడం వల్లా గోడలు శబ్దాన్ని తిప్పికొట్టడం వల్లా పెరిగేదాన్ని లెక్కలోకి తీసుకుంటే, మీరు కూర్చునే చోట అదే వోల్టేజీకి 82 డెసిబెల్స్‌కు అటూ ఇటూగా అందుతుంది. 2.83 నుంచి 20 వోల్టులకు వెళ్లడమంటే 17 డెసిబెల్స్ పెరగడం. కాబట్టి మీ యాంప్లిఫయర్ క్లిప్పింగ్‌కు లోనుకాకుండా దాదాపు 99 డెసిబెల్స్ శిఖరాలను ఇవ్వగలదు. స్లాబు కప్పు, బండల నేల ఉన్న ఇంటి హాలులో అది తక్కువ శబ్దమేమీ కాదు. వోల్టుల విషయంలో మీకు లోటు లేదన్నమాట.

లోటంతా ఆంపియర్ల దగ్గర ఉంది. మీ స్పీకర్ల మీద 8 ఓములు అని రాసి ఉన్నా, వాటి కనిష్ఠ ఇంపెడెన్స్ 3.5 ఓములని తయారీదారే ప్రకటించారు. అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ వారి 60268-5 ప్రమాణం ప్రకారం స్పీకర్ ఇంపెడెన్స్ పేరుకు చెప్పిన విలువలో 80 శాతానికి తగ్గకూడదు. అంటే 8 ఓముల స్పీకర్ 6.4 కు దిగువకు పోకూడదు. 3.5 వరకు దిగేదాన్ని కొనేవారు 4 ఓముల స్పీకర్‌గానే లెక్కవేసుకోవాలి. ఇందులో మీ స్పీకర్ల తప్పేమీ లేదు. మంచి పేరున్న స్పీకర్లలో చాలా వాటికి ఈ గుణం ఉంది. అయితే అవే 20 వోల్టులు 3.5 ఓముల మీద పడితే ఒక్కో వైపు 114 వాట్లు, రెండు వైపులా కలిసి 228 వాట్లు అవుతాయి. మీ అడాప్టర్ ఇవ్వగలిగేదెంత? 32 ను 5 తో హెచ్చిస్తే 160. యాంప్లిఫయర్ లోపల విద్యుత్తును నిల్వ ఉంచే కెపాసిటర్లు కొన్ని మిల్లీసెకన్ల పాటు ఆ లోటును పూడుస్తాయి. డోలు మోత అంతకన్నా ఎక్కువసేపు సాగితే అడాప్టర్ తనను తాను కాపాడుకోవడానికి సరఫరా ఆపి, క్షణం తర్వాత మళ్లీ మొదలుపెడుతుంది. మీకు వినిపిస్తున్న ఖాళీ అదే.

పెట్టె మీది 300 వాట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ తరగతి యాంప్లిఫయర్లలో విరివిగా కనిపించే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3255 చిప్‌కు 315 వాట్ల సామర్థ్యం ఉందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ అంకె 50 వోల్టులకు పైబడిన సరఫరా ఇచ్చి, 4 ఓముల లోడ్ పెట్టి, 10 శాతం వక్రీకరణను, అంటే శబ్దం అంతగా చెడిపోవడాన్ని, అనుమతించి కొలిచినది. 10 శాతం వక్రీకరణతో ఎవరూ పాట వినలేరు. 160 వాట్ల అడాప్టర్‌ను జతచేసి అమ్ముతూ రెండు వైపులా 600 వాట్లు వస్తాయని కొనేవారిని నమ్మించడం నాకు బొత్తిగా సమ్మతం కాదు. ఇలాంటి యాంప్లిఫయర్ కొనేటప్పుడు ముందుగా చూడవలసింది అడాప్టర్ మీది రెండు అంకెలనే.

ఇక మీ బాస్ గుండీ. 6 డెసిబెల్స్ పెంచితే ఆ స్వరాల దగ్గర యాంప్లిఫయర్ నాలుగింతల వాట్లు ఇవ్వవలసి వస్తుంది, 10 డెసిబెల్స్ పెంచితే పదింతలు. మీరు ముప్పాతిక వంతు తిప్పి ఉంచిన గుండీ మామూలుగా 5 వాట్లతో సరిపోయే దెబ్బను 20 వాట్లకో 50 వాట్లకో తీసుకుపోతోంది. పైగా మీ స్పీకర్లలో అడుగు స్వరాలను పలికించే భాగం, అంటే వూఫర్, ఐదుంబావు అంగుళాలది. ఎంత నెట్టినా పెద్ద డోలు అడుగు స్వరాన్ని అది పూర్తిగా పలికించలేదు, నెట్టిన కొద్దీ దాని కోను హద్దు దాటుతుంది. శబ్దం బిగుసుకుపోయినట్టు మీకు అనిపించడంలో దీనికీ వాటా ఉండవచ్చు. గుండీని మధ్యకు తెచ్చి, స్పీకర్లను వెనుక గోడకు అరడుగు దగ్గరగా జరిపి చూడండి. గోడ ఇచ్చే బాస్‌కు యాంప్లిఫయర్ ఏమీ ఖర్చు పెట్టనవసరం లేదు.

మీరు వినే పాటల స్వభావం గురించి కూడా ఒక మాట. కర్ణాటక సంగీత కచేరీ రికార్డింగులో మృదంగం దెబ్బకూ సగటు స్థాయికీ మధ్య 18 డెసిబెల్స్ తేడా ఉండవచ్చు. ఇప్పుడు మన ప్రాంతంలో వస్తున్న జానపద గీతాల రికార్డింగులను ఆసాంతం గట్టిగా వినిపించేలా నొక్కి తయారుచేస్తున్నారు కాబట్టి, వాటిలో ఆ తేడా 8 డెసిబెల్స్ దాకా పడిపోతుంది. శిఖరాల ఎత్తు రెండింటిలో ఒకటే అయినా, రెండో రకంలో యాంప్లిఫయర్ ఇవ్వవలసిన సగటు వాట్లు పదింతలవుతాయి. వీణ కచేరీ వింటున్నప్పుడు కిమ్మనని అడాప్టర్ డప్పు పాటకు చేతులెత్తేయడానికి కారణం ఇదే.

నా ఊహను మీరే నిర్ధారించుకోవచ్చు. శబ్దం ఆగిన క్షణంలో అడాప్టర్ మీది చిన్న దీపాన్ని చూడండి. అది మసకబారినా, ఆరి వెలిగినా లోపం అడాప్టర్‌దే. దీపం నిలకడగా ఉండి యాంప్లిఫయర్ పెట్టె చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే అది వేడి వల్ల వచ్చిన ఆటంకం.

ఆ తర్వాత, నిజంగా మీరు ఎన్ని వాట్లు వాడుతున్నారో కొలుచుకోండి. దీనికి ఎలక్ట్రికల్ దుకాణాల్లో దొరికే మామూలు మల్టీమీటర్ చాలు. మీరు ఎప్పుడూ పెట్టుకోగలిగినంత గట్టి స్థాయిలో పాట పెట్టి, వాల్యూమ్ గుండీ ఉన్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. యాంప్లిఫయర్ ఆపి, స్పీకర్ వైర్లు తీసివేసి, వాల్యూమ్‌ను ఆ గుర్తు దగ్గరే ఉంచి, పూర్తి స్థాయికి 12 డెసిబెల్స్ తక్కువగా రికార్డు చేసిన 120 హెర్ట్జ్ స్వరాన్ని మీరు పాటలు వినే ఫోను నుంచే, అదే విధంగా వినిపించండి. ఏసీ వోల్టుల దగ్గర పెట్టిన మీటరు మొనలను ఒక వైపు ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య ఆనించండి. రెండు మొనలు ఒకదానికొకటి తగలకుండా జాగ్రత్త. 12 డెసిబెల్స్ అంటే వోల్టేజీలో నాలుగింతలు కాబట్టి, వచ్చిన అంకెను నాలుగుతో హెచ్చిస్తే మీ పాటలోని అత్యున్నత శిఖరానికి కావలసిన వోల్టేజీ తెలుస్తుంది. మీటరు 2 వోల్టులు చూపితే శిఖరానికి 8 వోల్టులు, అంటే 8 ఓముల మీద 8 వాట్లు. 4 చూపితే 16 వోల్టులు, 32 వాట్లు. 5 దాటితే మాత్రం మీరు మీ యాంప్లిఫయర్ అంచు మీద ఉన్నట్టు. అదే పరీక్షను 60 హెర్ట్జ్ స్వరంతో, బాస్ గుండీని మధ్యలో ఒకసారి, మీరు ఉంచే చోట ఒకసారి పెట్టి చేస్తే ఆ గుండీ ఎంత భారం వేస్తోందో అంకెల్లో కనిపిస్తుంది. ఈ పరీక్ష ట్రాన్సిస్టర్, డిజిటల్ యాంప్లిఫయర్లకు మాత్రమే. గాజు గొట్టాలతో పనిచేసే వాల్వు యాంప్లిఫయర్‌ను స్పీకర్ లేకుండా నడిపితే దాని అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పాడవుతుంది.

మీటరు అంకెను నాలుగుతో హెచ్చించాక 20 వోల్టుల లోపే వస్తే మీకు కావలసింది కొత్త యాంప్లిఫయర్ కాదు, అదే వోల్టేజీలో 8 లేదా 10 ఆంపియర్లు ఇవ్వగల అడాప్టర్. వోల్టేజీ పెంచదలిస్తే యాంప్లిఫయర్ వెనుక సరఫరా సాకెట్ దగ్గర ముద్రించిన హద్దును దాటవద్దు. టీపీఏ3116 వంటి చిన్న చిప్పులకు 26 వోల్టులే గరిష్ఠం. వాటికి 32 వోల్టులు ఇస్తే చిప్ కాలిపోతుంది. టెర్మినళ్లు బయటికి కనిపించే కార్ఖానా రకం పవర్ సప్లై దొరికితే దాన్ని ఎలక్ట్రీషియన్ చేత మూసిన పెట్టెలో బిగింపజేసి, తప్పనిసరిగా ఎర్త్ ఇప్పించండి. పిల్లలున్న ఇంట్లో తెరిచిన 230 వోల్టుల టెర్మినళ్లు ఉండకూడదు.

డోలు అడుగు స్వరం కూడా కావాలనుకుంటే, సొంత యాంప్లిఫయర్ ఉన్న సబ్‌వూఫర్‌ను (అడుగు స్వరాలకే ప్రత్యేకించిన స్పీకర్‌ను) చేర్చి, 80 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నదంతా దానికి అప్పగించండి. దానితో మీ చిన్న యాంప్లిఫయర్ మీద, చిన్న వూఫర్ మీద భారం ఒక్కసారిగా తగ్గుతుంది. నన్నడిగితే, పెద్ద యాంప్లిఫయర్ మీద పెట్టే డబ్బును ఇక్కడ పెట్టడం మేలు. అయితే ఇలాంటి డిజిటల్ యాంప్లిఫయర్‌లో నలుపు టెర్మినల్ గ్రౌండ్ కాదని గుర్తుంచుకోండి. లోపల రెండు టెర్మినళ్లూ సజీవంగానే ఉంటాయి. అందుచేత సబ్‌వూఫర్‌కు స్పీకర్ టెర్మినళ్ల నుంచి వైరు లాగవద్దు. ఆర్‌సీఏ అనే చిన్న గుండ్రటి ఆడియో సాకెట్ల ద్వారానే కలపండి.

ఇవన్నీ చేశాక కూడా యాంప్లిఫయర్ మార్చాలనిపిస్తే, 8 ఓముల అంకెను కాక, 4 ఓముల మీద ఎంత పెరుగుతుందో చూడండి. ఆదర్శంగా రెట్టింపు కావాలి. ధర తక్కువ ఉన్నవాటిలో అంత రాదు. మరాంజ్ పీఎం6007 కు తయారీదారు ఇచ్చే అంకెలు 8 ఓముల మీద 45 వాట్లు, 4 ఓముల మీద 60 వాట్లు. రెండు అంకెలనూ దాచకుండా చెప్పిన కంపెనీని నేను గౌరవిస్తాను. 1978 లో వచ్చిన ఎన్‌ఏడీ 3020 మీద రాసి ఉన్నది 20 వాట్లే. కానీ క్షణకాలపు దెబ్బలకు అది 8 ఓముల మీద దాదాపు రెట్టింపు ఇచ్చేది, తక్కువ ఓములకు జంకేది కాదు. అందుకే దానికన్నా ఎన్నో రెట్లు ఖరీదైన స్పీకర్లను దానితో నడిపినవారున్నారు.

ప్రశ్న: నా ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు 4 ఓములవి, సెన్సిటివిటీ 88 డెసిబెల్స్. ఒక్కో వైపు 30 వాట్లిచ్చే చిన్న యాంప్లిఫయర్ ఉంది. అలాంటిదే ఇంకొకటి కొని, రెండింటినీ బ్రిడ్జ్ చేసి ఒక్కో స్పీకర్‌కు ఒక్కటి వాడితే నాలుగింతల వాట్లు వస్తాయని మిత్రుడు చెబుతున్నాడు. చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: చేయవద్దమ్మా. బ్రిడ్జ్ చేసినప్పుడు యాంప్లిఫయర్‌లోని రెండు సగాలు స్పీకర్‌ను చెరొక కొస నుంచి నడుపుతాయి. అప్పుడు ఒక్కో సగానికి 4 ఓముల స్పీకర్ 2 ఓములుగా కనిపిస్తుంది. వోల్టేజీ రెట్టింపవుతుంది నిజమే, కానీ మీ స్పీకర్లకు కావలసింది ఎక్కువ ఆంపియర్లు. బ్రిడ్జ్ చేయడం సరిగ్గా అక్కడే యాంప్లిఫయర్‌ను బలహీనపరుస్తుంది. బ్రిడ్జ్ సౌకర్యం ఉన్న యాంప్లిఫయర్లలో చాలావాటి వెనుక ఆ పద్ధతికి కనీసం 8 ఓములని రాసి ఉంటుంది. పైగా మీది డిజిటల్ యాంప్లిఫయర్ అయితే దాని ఒక్కో వైపూ లోపల ఇప్పటికే బ్రిడ్జ్ చేసి ఉండవచ్చు. దాన్ని మళ్లీ బ్రిడ్జ్ చేయడం అసాధ్యం. కొన్ని డిజిటల్ యాంప్లిఫయర్లకు మోనో స్విచ్ ఉంటుంది. అది రెండు సగాలను సమాంతరంగా కలిపే రకమైతే సంగతి వేరు, అప్పుడు వోల్టేజీ పెరగదు, ఆంపియర్లు పెరుగుతాయి, తక్కువ ఓముల స్పీకర్లకు అది మేలే చేస్తుంది. స్విచ్ ఏ రకమో పుస్తకంలో స్పష్టంగా రాసి లేకపోతే ముట్టుకోకండి.

మీ 88 డెసిబెల్స్ అంకెను కూడా ఒకసారి సరిచూసుకోండి. అది 2.83 వోల్టులకు చెప్పినదైతే, 4 ఓముల మీద 2.83 వోల్టులంటే 2 వాట్లు. కాబట్టి ఒక వాటుకు మీకు వచ్చేది 85 డెసిబెల్సే. సెన్సిటివిటీని 2.83 వోల్టులకు చెప్పిన 4 ఓముల స్పీకర్లన్నిటికీ ఈ 3 డెసిబెల్స్ తేడాను మనమే తీసివేసుకోవాలి.

ప్రశ్న: మా పెదనాన్నగారు ఇంగ్లండు నుంచి తెచ్చిన బీబీసీ డిజైన్ ఎల్‌ఎస్3/5ఎ స్పీకర్లు నా దగ్గరున్నాయి, 15 ఓములవి. 12 వాట్ల వాల్వు యాంప్లిఫయర్‌తో వింటే మృదువుగా ఉంటాయి కానీ శబ్దం చాలదు. నా మిత్రులు ఇవి యాంప్లిఫయర్లను పీల్చేసే స్పీకర్లని భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మొండితనం రెండు రకాలని మీ స్పీకర్లు చక్కగా చూపిస్తాయి. హనుమకొండ పాఠకుని స్పీకర్లు ఆంపియర్లు అడుగుతాయి. మీవి వోల్టులు అడుగుతాయి. 15 ఓముల మీద ఏ యాంప్లిఫయర్ అయినా చెమట పట్టకుండా పనిచేస్తుంది, మీ మిత్రుల భయానికి ఆధారం లేదు. కానీ వీటి సెన్సిటివిటీ 83 డెసిబెల్స్‌కు మించదు, పైగా 8 ఓముల మీద 50 వాట్లిచ్చే 20 వోల్టులు 15 ఓముల మీద 27 వాట్లే ఇస్తాయి. మీ యాంప్లిఫయర్ వెనుక 4, 8, 16 ఓముల టెర్మినళ్లు ఉంటే 16 కు కలపండి. 8 కు కలిపి ఉన్నట్టయితే యాంప్లిఫయర్ తన పూర్తి వోల్టేజీ ఇవ్వడం లేదు.

అంతకుమించి పెద్ద యాంప్లిఫయర్‌కు నేను సలహా ఇవ్వను. ఈ స్పీకర్లను 1970లలో బీబీసీ ఇంజినీర్లు ప్రసార వాహనాల వంటి ఇరుకు చోట్ల, చెవికి దగ్గరగా పెట్టుకుని వినడానికి రూపొందించారు. వాటి సామర్థ్యం సుమారు 25 వాట్లు. పెద్ద హాలులో నుంచి పదడుగుల గదిలోకి మార్చి, ఐదడుగుల దూరంలో కూర్చోండి. దూరం సగమైతే దాదాపు నాలుగో వంతు వాట్లే సరిపోతాయి. అంత పాత జత కాబట్టి వూఫర్ చుట్టూ ఉన్న రబ్బరు గట్టిపడిందేమో కూడా వేలితో నెమ్మదిగా తాకి చూడండి.

ప్రశ్న: మా మేనమామకు షామియానా, మైక్ సెట్ వ్యాపారం ఉంది. ఆయన దగ్గరున్న 250 వాట్ల యాంప్లిఫయర్‌ను నా హైఫై స్పీకర్లకు కలపవచ్చా?
– ఒక పాఠకుడు, పరకాల

జవాబు: 100 వోల్టులు, 70 వోల్టులు అని రాసి ఉన్న టెర్మినళ్లకు ఎట్టి పరిస్థితిలోనూ కలపవద్దు. అవి దూరంగా కట్టే హారన్ల కోసం, ఆ హారన్లకు సొంత ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. అవే 100 వోల్టులు మీ 8 ఓముల స్పీకర్ మీద పడితే 1250 వాట్ల లెక్క అవుతుంది. యాంప్లిఫయర్ అంత ఇవ్వలేకపోయినా, ఇచ్చినంతతోనే పై స్వరాలు పలికే ట్వీటర్ మొదటి పాటలోనే మాడిపోతుంది. 8 ఓముల టెర్మినల్ ఉంటే ప్రమాదం లేకుండా కలపవచ్చు కానీ, అది మాట దూరం వినిపించడానికి తయారైన యంత్రం, పైగా ఒకే ఛానెల్‌ది. అడుగు స్వరాలూ పై స్వరాలూ దానిలో సన్నబడతాయి. మీ స్పీకర్ల కోసం ఆ శ్రమ అక్కరలేదు.

ప్రశ్న: చిన్న యాంప్లిఫయర్‌ను గోడ షోకేసులో, అద్దం తలుపు వెనుక పెట్టాను. స్పీకర్లు 4 ఓములవి. వేసవి మధ్యాహ్నాల్లో అరగంటకోసారి ఆగిపోతోంది. వైర్లు సన్నగా ఉండటం వల్లనా?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: వైర్ల వల్ల యాంప్లిఫయర్ ఆగదు. మూసిన షోకేసు వల్ల ఆగుతుంది. మన దగ్గర వేసవిలో బయట 42 డిగ్రీలుంటే అద్దం వెనుక ఇంకా ఎక్కువ ఉంటుంది. తక్కువ ఓముల స్పీకర్లకు ఎక్కువ ఆంపియర్లు ఇచ్చే కొద్దీ పెట్టె లోపల వేడి ఇంకా పెరుగుతుంది. యాంప్లిఫయర్‌ను బయటికి తెచ్చి, చుట్టూ నాలుగంగుళాల ఖాళీ ఉంచండి. అడాప్టర్‌ను దాని మీద పెట్టవద్దు, టీవీ వెనుక కుక్కవద్దు.

వైరు గురించి అడిగారు కాబట్టి: ఇంటి వైరింగుకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి ఫ్లెక్సిబుల్ వైరు చాలు. ఐదు మీటర్ల దూరానికి రానుపోను పది మీటర్లకు దాని నిరోధం 0.08 ఓములకు మించదు, 4 ఓముల స్పీకర్ ముందు అది లెక్కలోది కాదు. ఒక చదరపు మిల్లీమీటరు వైరైతే 0.2 ఓముల దాకా పోతుంది, దాన్ని మార్చండి. కొసల్లో ఒక్క రాగి పోగు కూడా పక్క టెర్మినల్‌కు తగలకుండా మెలిపెట్టి బిగించండి.